కరెంటు పోయిన క్షణాన స్టార్ట్ కావాలంటే: డీజిల్ జనరేటర్ నిర్వహణకు సమగ్ర మార్గదర్శి

తెలంగాణ ఏర్పడక ముందు నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో జనరేటర్ మెకానిక్‌కు పండగ పూట కూడా తీరిక ఉండేది కాదు. గంటల తరబడి కోతలు. రైస్ మిల్లులో, ఆసుపత్రిలో, ఫంక్షన్ హాల్లో ఇంజిన్ రోజూ నడిచేది, అరిగేది, బాగు చేయించుకుని మళ్ళీ నడిచేది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి కూడా 24 గంటల కరెంటు మొదలైంది. ఇప్పుడు జనరేటర్‌తో పని పడేది ఈదురుగాలికి తీగలు తెగినప్పుడు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినప్పుడు, సబ్‌స్టేషన్‌లో మరమ్మతులు జరిగినప్పుడు. నెలలో రెండు మూడు గంటలు కూడా నడవని సెట్లు బోలెడు.

అందుకే ఇక్కడ జనరేటర్లు నడిచి పాడవడం తక్కువ, నిలబడి పాడవడం ఎక్కువ. కంపెనీ పుస్తకంలో ‘250 గంటలు లేదా 6 నెలలు, ఏది ముందైతే అది’ అని ఉంటుంది. చాలామంది యజమానులు మొదటి సగమే చదువుతారు. అవర్ మీటర్ 40 దగ్గర ఉంది కదా అని మూడేళ్లు ఆయిల్ మార్చరు. మీటర్ కదలకపోయినా ఆయిల్ పాతబడుతుంది, బ్యాటరీ దిగిపోతుంది, డీజిల్ అడుగున నీరు చేరుతుంది. స్టాండ్‌బై సెట్ విషయంలో గోడ మీది క్యాలెండరే అసలు మీటర్.

ఈ మార్గదర్శి 15 నుంచి 250 కేవీఏ (జనరేటర్ సామర్థ్యపు కొలత) వరకు ఉండే, రేడియేటర్‌తో చల్లబడే మూడు ఫేజుల సెట్ల కోసం. ఇక్కడి అంకెలు చాలా సెట్లకు సరిపోతాయి. మీ కంపెనీ పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

చెయ్యి పెట్టే ముందు

ఆటో ప్యానెల్ ఉన్న సెట్ మెయిన్ కరెంటు పోగానే తనంతట తానే లేస్తుంది. ఆ సమయంలో మీ చెయ్యి ఫ్యాన్ బెల్టు మీద ఉంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి వరుస ఇలా ఉండాలి: ముందు ప్యానెల్ సెలెక్టర్‌ను ఆఫ్‌లో పెట్టాలి. తర్వాత ఎమర్జెన్సీ స్టాప్ బటన్ నొక్కాలి. అప్పుడు బ్యాటరీ చార్జర్ ఆపి, నెగటివ్ లీడ్ విప్పాలి. బిగించేటప్పుడు నెగటివ్ చివరన. ‘పని జరుగుతోంది’ అని రాసిన అట్ట ముక్కను ప్యానెల్‌కు వేలాడదీయండి. మీరు వెనక వైపు ఉన్న సంగతి వాచ్‌మన్‌కు తెలియదు.

ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయకూడదు. లోపలి నీరు ఒత్తిడిలో ఉండి, మూత వదులు కాగానే ముఖం మీదికి చిమ్ముతుంది. కనీసం గంట ఆగి, పైన చెయ్యి ఆనితే వేడి తగలనప్పుడు, గుడ్డ వేసి మెల్లగా తిప్పాలి. మూసిన గదిలో సెట్ నడపడం ప్రాణాంతకం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. సైలెన్సర్ గొట్టం జాయింట్ల దగ్గర మసి చారలు కనిపిస్తే అక్కడ పొగ కారుతున్నట్టే.

వారానికి పది నిమిషాలు

ఈ పనికి మెకానిక్ అక్కర్లేదు, ఆపరేటర్ చాలు. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి చూడాలి. ఆయిల్ రెండు గీతల మధ్య, పై గీతకు దగ్గరగా ఉండాలి. పై గీత దాటినా తప్పే, నురగ కట్టి ఒత్తిడి పడిపోతుంది. ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్ది చూడండి. నల్లగా ఉండటం డీజిల్ ఇంజిన్‌కు సహజం. పాలు కలిపిన టీ రంగులో ఉంటే మాత్రం అందులో నీరు కలిసింది. ఇక ఆ సెట్‌ను స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను పిలవాలి. పల్చబడి డీజిల్ వాసన వేస్తున్నా అంతే.

తర్వాత కూలెంట్ మట్టం, డీజిల్ మట్టం, బ్యాటరీ వోల్టేజి చూడాలి. సెట్ కింద నేల మీద తడి మరకలు ఉన్నాయేమో టార్చి వేసి వెతకాలి. కనోపీ (సెట్ చుట్టూ ఉండే రేకు పెట్టె) తలుపులు తెరిచి ఎలుక జాడ ఉందేమో చూడాలి. ధాన్యం ఉన్న చోట ఎలుకలు తప్పవు. సెన్సర్ వైర్ల తొడుగు వాటికి మహా ఇష్టం. ఒక్క వైరు కొరికినా ప్యానెల్ ‘ఆయిల్ ప్రెషర్ తక్కువ’ అని చూపి సెట్‌ను ఆపేయొచ్చు, మెకానిక్ ఇంజిన్‌లో తప్పు వెతుకుతూ కూర్చుంటాడు. కేబుల్ లోపలికి వచ్చే రంధ్రాలను గ్లాండు లేదా మందపాటి రేకుతో మూసేయండి.

రేడియేటర్: ఎండ, ఊక, బోరు నీళ్ళు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. నల్లగొండలో మే నెలలో ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. కనోపీ లోపల అంతకంటే ఎక్కువ. ఆ వేడిలో ఇంజిన్‌ను కాపాడేది రేడియేటరే. ఈ ప్రాంతంలో దానికి శత్రువులు ఇద్దరు: బయట దుమ్ము, లోపల బోరు నీళ్ళు.

ముందు దుమ్ము సంగతి. కారులో ఫ్యాన్ గాలిని బయటి నుంచి లోపలికి లాగుతుంది. జనరేటర్లలో ఎక్కువ వాటికి గాలి ఇంజిన్ మీదుగా వచ్చి రేడియేటర్ గుండా బయటికి పోతుంది. అంటే చెత్త పట్టేది రేడియేటర్ లోపలి ముఖానికి, ఫ్యాన్ వైపు. బయట నిలబడి చూస్తే రెక్కలు శుభ్రంగా మెరుస్తుంటాయి. మిర్యాలగూడ మిల్లుల్లో తవుడు పొడి, చిట్యాల వైపు జిన్నింగ్ మిల్లుల్లో పత్తి నూగు ఫ్యాన్ గార్డు వెనక ఆయిల్ తడికి అంటుకుని మందపాటి పొరలా తయారవుతాయి. చేత్తో గీరితే పీచు పీచుగా ఊడివస్తుంది. సందేహం తీర్చుకునే దారి సులువే. చీకటి పడ్డాక లోపలి వైపు టార్చి పెట్టి బయటి నుంచి చూడండి. వెలుగు చుక్కలు రాని చోటల్లా గాలి కూడా రావడం లేదు.

శుభ్రం చేయడం గాలి వెళ్ళే దిశకు ఎదురుగా, అంటే బయటి నుంచి లోపలికి. ముందు మెత్తని బ్రష్‌తో పొడి చెత్త దులపాలి. తర్వాత తక్కువ ఒత్తిడి గాలి పట్టాలి. జిడ్డు ఉంటే సబ్బు నీళ్ళు చల్లి కాసేపు నానబెట్టి మామూలు నీటి ధారతో కడగాలి. వాహనాలు కడిగే ప్రెషర్ పంపు మాత్రం వద్దు. పల్చని రెక్కలు వంగిపోయి, ఉన్న దారీ మూసుకుపోతుంది. ఆల్టర్నేటర్ (కరెంటు పుట్టించే భాగం), ప్యానెల్ తడవకుండా ముందే ప్లాస్టిక్ పట్టా కప్పండి. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే భాగం) ఉన్న ఇంజిన్‌కు రేడియేటర్ పక్కనో ముందో గాలిని చల్లబరిచే ఇంకో కూలర్ ఉంటుంది. రెండిటి మధ్య సందులోనే చెత్త ఎక్కువ దాక్కుంటుంది, అక్కడికి బ్రష్ చేరేలా చూడాలి.

ఇక నీళ్ళు. నల్లగొండ నీళ్ళంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికే ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు. రేడియేటర్‌కు మాత్రం ఫ్లోరైడ్ కంటే కాల్షియం, మెగ్నీషియం లవణాల కాఠిన్యమే ముప్పు. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పట్టే పొరే ఇంజిన్ లోపలి దారుల్లోనూ పడుతుంది. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. బోరు నీళ్ళు వద్దంటే కొందరు ప్లాంటు నీళ్ళు పోస్తారు. వాటిలో లవణాలు తక్కువే అయినా తుప్పును ఆపే మందు ఉండదు. ‘మనకు మంచు పడదు, కూలెంట్ ఎందుకు’ అనేవాళ్ళూ ఉన్నారు. కూలెంట్ గడ్డకట్టకుండా ఆపడమే కాదు, మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది, తుప్పును, లైనర్ల (పిస్టన్ ఆడే గొట్టాల) బయటి వైపు పడే సన్నని గుంటలను అడ్డుకుంటుంది. మన ఎండలకు ఇవన్నీ కావాల్సినవే.

కలిపి ఉన్న కూలెంట్ కొంటే అలాగే పోయండి. చిక్కటిదైతే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపడం మామూలు పద్ధతి. పాతది తీసేటప్పుడు కింది కుళాయి తెరిచి వదిలి, శుభ్రమైన నీళ్ళతో తుప్పు రంగు పోయేవరకు కడిగి, తర్వాత కొత్తది నింపాలి. వేర్వేరు రంగుల, వేర్వేరు కంపెనీల కూలెంట్లను కలపొద్దు. కొన్ని కలిసి జిగురుగా మారతాయి. పాతికేళ్లుగా బోరు నీళ్ళు తాగిన రేడియేటర్‌కు ఇంట్లో ఆసిడ్ పట్టించే ప్రయోగాలు వద్దు, అల్యూమినియం భాగాలు తినేస్తుంది. దాన్ని రేడియేటర్ షాపులో విప్పించాల్సిందే.

ఇంకో చెడ్డ అలవాటు కూడా చెప్పాలి. వేసవిలో వేడెక్కుతోందని థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) తీసేయడం. తీసేస్తే ఇంజిన్ తక్కువ లోడులో కావలసినంత వేడెక్కదు, మసి పడుతుంది. కొన్ని ఇంజిన్లలో నీరు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిన తిరిగి ఇంకా వేడెక్కుతుంది. పాడైతే కొత్తది వేయించండి, ఖాళీగా మాత్రం వదలొద్దు.

ఫ్యాన్ బెల్టును రెండు పుల్లీల మధ్య పొడవాటి భాగంలో బొటనవేలితో నొక్కితే సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు దిగాలి. అంతకంటే వదులైతే జారుతుంది, బిర్రుగా ఉంటే బేరింగ్ పోతుంది. ఆటో టెన్షనర్ ఉన్నవాటికి ఈ లెక్క వర్తించదు, పగుళ్లు చూస్తే చాలు. హోస్ పైపులను చేత్తో పిసికి చూడండి. ఉబ్బినా, మెత్తబడినా, క్లిప్పు దగ్గర పగిలినా మార్చేయాలి.

బ్యాటరీ

స్టార్ట్ కాని సెట్లలో ఎక్కువ వాటి కథ బ్యాటరీ దగ్గరే ముగుస్తుంది. చార్జర్ ఆపి కొన్ని గంటలు వదిలాక 12 వోల్టుల బ్యాటరీ 12.6 లేదా కొంచెం ఎక్కువ చూపాలి. 12.4 కంటే దిగితే చార్జింగ్ పెట్టాలి. పెద్ద సెట్లలో రెండు బ్యాటరీలు వరుసగా కలిపి 24 వోల్టులు ఉంటాయి. అక్కడ రెండిటినీ విడివిడిగా కొలవాలి. ఒకటి చచ్చి, రెండోది దాన్ని మోస్తుండొచ్చు. మార్చాల్సి వస్తే రెండూ ఒకేసారి మార్చండి.

ఖాళీగా ఉన్నప్పటి వోల్టేజి ఒక్కటే చూసి నమ్మకూడదు. సెల్ఫ్ (స్టార్టర్ మోటారు) తిరుగుతున్నప్పుడు మీటర్ పెట్టి చూడాలి. 12 వోల్టుల బ్యాటరీ 9.6 కంటే కిందికి పడిపోతే దాని ఆయుష్షు తీరిందని లెక్క. ఈ వర్షాకాలం కూడా లాగుదామనుకోకండి.

నల్లగొండ శివారులో ఒక ఫంక్షన్ హాల్లో తలంబ్రాల వేళ కరెంటు పోయింది. సెల్ఫ్ ‘టక్’ మని ఒక్క శబ్దం చేసి ఊరుకుంది. మీటర్ పెడితే 12.7 వోల్టులు. బ్యాటరీ కొత్తది. పాజిటివ్ క్లాంపు విప్పి చూస్తే దాని లోపలి ముఖమంతా ఆకుపచ్చ, తెలుపు కలిసిన పొడి. పైనుంచి చూస్తే గ్రీజు పూసి నున్నగా ఉంది. ఇసుక కాగితంతో రెండు ముఖాలూ రుద్ది బిగించగానే సెట్ లేచింది. టెర్మినల్ శుభ్రం చేయడమంటే క్లాంపు ఊడదీసి శుభ్రం చేయడం. వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళతో పొడి కడిగి, ఆరనిచ్చి, మెరిసేవరకు రుద్ది, బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూయాలి. కడిగేటప్పుడు మూతలు బిగించి ఉండాలి, సోడా నీరు సెల్‌లోకి పోకూడదు.

మూతలున్న బ్యాటరీలో ఎండాకాలం పదిహేను రోజులకోసారి నీటి మట్టం చూడండి. పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. చార్జర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి, 12 వోల్టుల బ్యాటరీకి అది ఇచ్చే వోల్టేజి 13.2 నుంచి 13.8 మధ్య ఉంటే చాలు. ఎక్కువైతే బ్యాటరీ ఉడికి నీరు ఇంకుతుంది. ఆ చార్జర్ ఎంసీబీ ఎప్పుడో పడిపోయి, ఎవరూ గమనించక బ్యాటరీ ఖాళీ అయిన సందర్భాలు కోకొల్లలు.

స్టార్ట్ చేసేటప్పుడు సెల్ఫ్‌ను 10 సెకన్లకు మించి పట్టకూడదు. మళ్ళీ ప్రయత్నించే ముందు నిమిషం ఆగండి. మూడుసార్లు లేవకపోతే నాలుగోసారి లేవడం అరుదు. కారణం వెతకండి.

ఆయిల్ మార్చే పద్ధతి

కొత్త సెట్‌కు మొదటి మార్పు సాధారణంగా 50 గంటల దగ్గర. తర్వాత 250 గంటలు లేదా 6 నెలలు. కొన్ని ఇంజిన్లకు 500 గంటలు లేదా ఏడాది అని ఉంటుంది. గ్రేడు ఎక్కువగా 15డబ్ల్యూ-40. సీల్ ఉన్న డబ్బా బిల్లుతో కొనండి, విడి ఆయిల్ వద్దు.

1. సెట్‌ను పది నిమిషాలు నడిపి ఆపాలి. గోరువెచ్చని ఆయిల్‌తో పాటు మురికీ దిగిపోతుంది. ఆపాక పైన చెప్పిన వరుసలో బ్యాటరీ విప్పాలి.

2. డ్రెయిన్ బోల్టు కింద వెడల్పాటి ట్రే పెట్టి విప్పాలి. మొదట కారేది జాగ్రత్తగా చూడండి. ముందు నీటి బొట్లు వస్తే, మెరిసే లోహపు రజను కనిపిస్తే పని ఆపి మెకానిక్‌కు చూపాలి.

3. ఫిల్టర్‌ను పట్టీ స్పానర్‌తో విప్పాలి. పాత రబ్బరు రింగు ఫిల్టర్‌తో వచ్చిందో, ఇంజిన్‌కే అతుక్కుని ఉందో చూడండి. రింగు మీద రింగు పడితే స్టార్ట్ చేసిన నిమిషంలో ఆయిల్ అంతా బయట ఉంటుంది.

4. కొత్త ఫిల్టర్ రింగుకు వేలితో ఆయిల్ రాయాలి. నిలువుగా బిగించే రకమైతే ఫిల్టర్‌లో శుభ్రమైన ఆయిల్ నింపాలి, టర్బోకు మొదటి క్షణాల్లో ఎండు తిరుగుడు తప్పుతుంది. రింగు ఆనాక చేత్తోనే మరో ముప్పావు చుట్టు. స్పానర్‌తో బిగించొద్దు.

5. డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వేసి బిగించి, పుస్తకంలో చెప్పిన పరిమాణంలో ఆయిల్ పోయాలి. లోడు లేకుండా రెండు మూడు నిమిషాలు నడిపి, ఆయిల్ ప్రెషర్ లేచిందో లేదో చూసి, ఆపి పది నిమిషాలు ఆగాక డిప్‌స్టిక్ చూడాలి. ఫిల్టర్ చుట్టూ పొడి గుడ్డతో తుడిచి తడి ఉందేమో చూడండి.

డీజిల్‌లో నీళ్ళు, గాలి

సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో పగలు వేడికీ రాత్రి చల్లదనానికీ లోపలి గాలిలోని తేమ గోడలకు బొట్లు కట్టి అడుగుకు దిగుతుంది. నీటికీ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు కడుతుంది. ఆ జిగురే ఫిల్టర్‌ను మూసేస్తుంది. కాబట్టి పని అయ్యాక ట్యాంకు దాదాపు నిండుగా ఉంచాలి. పాతబడ్డ డీజిల్‌ను ఆరు నెలలకు మించి నమ్మొద్దు. నెల నెలా లోడుతో నడిపితే పాతది ఖర్చయి కొత్తది చేరుతుంది.

వాటర్ సెపరేటర్ అడుగున ఉన్న కుళాయిని నెలకోసారి తిప్పి, కారిన దాన్ని గాజు సీసాలో పట్టండి. పది నిమిషాలు కదపకుండా ఉంచితే నీరు అడుగున విడిగా, గుండ్రని అంచుతో నిలబడుతుంది, పైన డీజిల్ తేలుతుంది. నీరు రావడం ఆగే వరకు వదలాలి. ప్రతిసారీ నీరు ఎక్కువగా వస్తుంటే ట్యాంకు మూత రబ్బరు చూడండి, లేదా డీజిల్ తెచ్చే క్యాన్‌ను అనుమానించండి. మంచినీళ్ల క్యాన్‌లో డీజిల్ తేవడం ఇక్కడ మామూలే. ఆ క్యాన్‌లో మిగిలిన తడే ఇంజెక్టర్‌కు చేటు. డ్రమ్ములో నిల్వ చేస్తే కొంచెం వాలుగా పెట్టి, మూతలున్న భాగం పైకి ఉండేలా చూడాలి. వాన నీరు మూత చుట్టూ నిలవదు. తోడేటప్పుడు అడుగున నాలుగు వేళ్ల లోతు వదిలేయండి, జాలీ గరాటులోంచే పోయండి.

ఫిల్టర్ మార్చినా, డీజిల్ అయిపోయి ఆగినా ఎయిర్ లాక్ అవుతుంది. పాత తరహా ఇంజిన్‌లో గాలి తీసే పద్ధతి ఇది: ఫిల్టర్ తల మీది చిన్న స్క్రూను రెండు చుట్లు వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఉండాలి. మొదట నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆపైన బుడగ లేని ధార. ధార వస్తుండగానే, పంపు ఆపకుండా స్క్రూ బిగించాలి. చేతి పంపు గట్టిబడే వరకు ఇంకో నాలుగు సార్లు కొట్టి స్టార్ట్ చేయండి. కామన్ రైల్ ఇంజిన్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే అధిక ఒత్తిడి గొట్టం నుంచి డీజిల్ అందేది) అయితే ఇంజెక్టర్ల వైపు గొట్టాలను ఎట్టి పరిస్థితిలోనూ వదులు చేయకూడదు. అక్కడి ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది.

ఎయిర్ ఫిల్టర్

ఇండికేటర్ ఎర్రబడితే మార్చాలి, అంతే. నేలకేసి కొట్టి దులపడం వల్ల కాగితం మడతలు చిరిగి, కంటికి కనిపించని దారులు ఏర్పడతాయి. గాలి పట్టాల్సి వస్తే తక్కువ ఒత్తిడితో లోపలి నుంచి బయటికి. రెండు పొరలుంటే లోపలి చిన్న ఫిల్టర్‌ను శుభ్రం చేయరు, మార్చడమే. ఫిల్టర్ లేకుండా ‘ఈ ఒక్క రాత్రికి’ నడిపితే చల్క మట్టి దుమ్ము లైనర్లను గీకేస్తుంది.

నెలకోసారి లోడుతో పరీక్ష

వారం వారం ఐదు నిమిషాలు ఖాళీగా స్టార్ట్ చేసి ‘నడుస్తోంది’ అని ఆపేయడం నిర్వహణ అనుకుంటారు. దానివల్ల మేలు కంటే కీడే ఎక్కువ. లోడు లేని ఇంజిన్ వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు. సగం కాలిన ఇంధనం, మసి కలిసి సైలెన్సర్ గొట్టంలో నల్లటి జిడ్డుగా కారుతాయి. బ్యాటరీ కూడా స్టార్టింగ్‌కు ఖర్చయిన చార్జి తిరిగి పొందదు.

నెలకు ఒకసారి, కనీసం 30 నిమిషాలు, సెట్ సామర్థ్యంలో 30 శాతానికి తగ్గని లోడుతో నడపాలి. లెక్క ఇలా: 62.5 కేవీఏ సెట్ అంటే 50 కిలోవాట్లు, నిండు లోడులో ఫేజుకు సుమారు 87 ఆంపియర్లు. అందులో 30 శాతం 26 ఆంపియర్లు. హాల్లో ఎల్ఈడీ దీపాలు మొత్తం వేసినా అంత రాదు. కూలర్లు, ఏసీలు, బోరు మోటారు కూడా పెట్టండి. మూడు ఫేజుల్లోనూ ఆంపియర్లు దాదాపు సమానంగా ఉండాలి. ఒక ఫేజు మీదే ఏసీలన్నీ ఉంటే ఎలక్ట్రీషియన్‌తో పంచి వేయించండి.

స్టార్ట్ అయ్యాక మూడు నుంచి ఐదు నిమిషాలు ఖాళీగా నడిపి లోడు ఇవ్వాలి. ఆయిల్ ప్రెషర్, ఉష్ణోగ్రత రాసుకోవాలి. ఫేజుల మధ్య 415 వోల్టుల చుట్టూ ఉండాలి. 1500 ఆర్‌పీఎం వద్ద 50 హెర్ట్జ్. మెకానికల్ గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే భాగం) ఉన్న సెట్ ఖాళీగా 51, 52 చూపి, లోడు పడ్డాక 50 దగ్గరికి దిగడం మామూలే. లోడు పడగానే 48 కంటే దిగి పైకి లేవకపోతే ఫిల్టర్లు, డీజిల్ సరఫరా చూడాలి. ఆపే ముందు లోడు తీసి మళ్ళీ మూడు నుంచి ఐదు నిమిషాలు ఖాళీగా నడపండి. ఎర్రగా కాలిన టర్బో ఒక్కసారిగా ఆయిల్ లేకుండా ఆగితే బేరింగ్ మాడుతుంది.

పొగను కూడా అప్పుడే చూడాలి. స్టార్టింగ్‌లో కొంచెం తెల్లపొగ వచ్చి పోతే పర్వాలేదు. వేడెక్కాక కూడా తెల్లగా వస్తుంటే డీజిల్ కాలడం లేదు లేదా నీరు సిలిండర్‌లోకి పోతోంది. నల్లపొగ అంటే గాలి చాలడం లేదు, లోడు ఎక్కువైంది, లేదా ఇంజెక్టర్ సరిగా చిమ్మడం లేదు. నీలిపొగ అంటే ఆయిల్ కాలుతోంది.

కరెంటు వైపు పనులు

ఇంజిన్ మెకానిక్ ఆల్టర్నేటర్‌ను ముట్టుకోడు, ఎలక్ట్రీషియన్ ఇంజిన్ వైపు రాడు. మధ్యలో ఆల్టర్నేటర్ అనాథగా మిగిలిపోతుంది. ఏడాదికి ఒకసారి, వానలు తగ్గాక, దాని గాలి దారులు శుభ్రం చేయించి, 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు)తో ఇన్సులేషన్ కొలిపించండి. కనీసం ఒక మెగా ఓమ్ ఉండాలి. కొలిచే ముందు ఏవీఆర్ (వోల్టేజిని స్థిరంగా ఉంచే పరికరం) వైర్లు విప్పకపోతే ఏవీఆర్ కాలిపోతుంది. ఈ ఒక్క మాట ఎలక్ట్రీషియన్‌కు గుర్తు చేయండి. ప్యానెల్, చేంజోవర్ (లోడును మెయిన్ నుంచి జనరేటర్‌కు మార్చే స్విచ్) బాక్సుల్లో వేడికి వదులైన నట్లను మెయిన్ కూడా ఆపించి బిగించాలి. బస్‌బార్ల మధ్య బల్లి పడి షార్ట్ కావడం ఇక్కడ వింత కాదు, రంధ్రాలన్నీ మూయించండి.

ఎర్తింగ్‌లో బాడీకి రెండు, న్యూట్రల్‌కు రెండు వేర్వేరు గుంటలు ఉండాలి. కొలిచే కాలం ముఖ్యం. వానాకాలంలో తడి నేలలో కొలిస్తే అంకె బాగానే వస్తుంది. మనది రాతి నేల, పైన పల్చని మట్టి, వేసవికి తడి ఇంకిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో కొలిస్తేనే నిజం తెలుస్తుంది. ఎండాకాలం గుంటల్లో వారానికోసారి నీళ్ళు పోయండి.

చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్‌ను నేరుగా బోర్డుకు కలపడం హత్యతో సమానం. ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి ఎక్కి, లైను ఆపించానని ధైర్యంగా స్తంభం ఎక్కిన లైన్‌మన్‌ను బలి తీసుకుంటుంది. న్యూట్రల్‌ను కూడా మార్చే నాలుగు పోల్‌ల చేంజోవర్ పెట్టించండి.

2023 జూలై తర్వాత తయారైన సెట్లు

2023 జూలై 1 నుంచి కొత్త ఉద్గార నిబంధనలు వచ్చాయి. ఆ తర్వాత తయారైన సెట్లలో చాలా వాటికి ఎలక్ట్రానిక్ ఇంజిన్లు, పొగను శుభ్రం చేసే పరికరాలు ఉంటాయి. పెద్ద వాటిలో పొగను శుభ్రం చేయడానికి వాడే డీఈఎఫ్ అనే ద్రవం విడి ట్యాంకులో పోయాలి. అది 30 డిగ్రీలు దాటిన చోట త్వరగా పాడవుతుంది. మన వేసవికి రేకుల షెడ్డులో ఏడాది సరిపడా నిల్వ పెట్టుకోవడం దండగ. కొద్దికొద్దిగా తెచ్చి నీడలో ఉంచండి. డీజిల్ ట్యాంకులో అది పడినా, ఆ ట్యాంకులో డీజిల్ పడినా స్టార్ట్ చేయకుండా సర్వీసుకు ఫోను చేయాలి.

ఏ కాలంలో ఏ పని

ఫిబ్రవరి చివర్లో రేడియేటర్, కూలెంట్, బెల్టు, బ్యాటరీ చూడండి. మాఘ, ఫాల్గుణ ముహూర్తాలకూ, రాబోయే ఎండలకూ ఇదే సరైన వేళ. మృగశిర కార్తె రాకముందే, అంటే మే నెలాఖరుకు, కనోపీ పైకప్పు, తలుపుల రబ్బర్లు, సైలెన్సర్ వాన మూత, ఎర్తింగ్, కేబుల్ రంధ్రాలు చూడాలి. మొదటి గాలివానకే సెట్ పరీక్ష ఎదుర్కొంటుంది. అక్టోబరులో, వానాకాలం ధాన్యం మిల్లులకు వచ్చే ముందు, ఆయిల్, అన్ని ఫిల్టర్లు, మెగ్గర్ పరీక్ష. ఆయిల్ ఆరు నెలలదైతే ఏప్రిల్‌లో మరోసారి.

ట్యాపెట్ గ్యాపు, ఇంజెక్టర్ల పరీక్ష, పంపు క్యాలిబ్రేషన్, టర్బో వంటివి మెకానిక్ పనులు. గవర్నర్, ఏవీఆర్ స్క్రూలను ఆపరేటర్ తిప్పకూడదు. సర్వీసు ఒప్పందం ఉన్నా ప్రతిసారీ మార్చిన పాత ఫిల్టర్లు మీ చేతికి ఇవ్వమనండి. బిల్లులో మార్చినట్టుండి, ఇంజిన్‌కు పాతదే ఉండటం జరగని సంగతి కాదు. కొత్త ఫిల్టర్ మీద తేదీ, అవర్ మీటర్ అంకె పెయింట్ పెన్నుతో రాయించండి.

లాగ్ పుస్తకంలో తేదీ, అవర్ మీటర్, పోసిన డీజిల్, ఫేజుల ఆంపియర్లు, ఆయిల్ ప్రెషర్, ఉష్ణోగ్రత, చేసిన పని రాస్తే చాలు. లీటరు డీజిల్‌కు సుమారు 3 నుంచి 3.5 యూనిట్లు రావాలి. 25 కిలోవాట్ల లోడుకు గంటకు ఏడెనిమిది లీటర్లు. అదే లోడుకు ఖర్చు నెల నెలా పెరుగుతుంటే ఇంజెక్టర్లో, ఎయిర్ ఫిల్టరో కారణం కావచ్చు. లేదా డీజిల్ వేరే బండిలోకి పోతుండవచ్చు. పుస్తకం రెండో సంగతిని కూడా బయటపెడుతుంది.

తీసిన ఆయిల్‌ను కాలువలో, పొలం గట్టున పారబోయవద్దు. మూత బిగిసే క్యాన్‌లో పోసి, గుర్తింపు ఉన్న రీసైక్లర్‌కు ఇవ్వాలి. సర్వీసు చేసేవాళ్లనే తీసుకెళ్లమని ఒప్పందంలో రాయించుకోవచ్చు. పాత ఫిల్టర్‌ను ఒక రాత్రంతా తలకిందులుగా ట్రేలో పెడితే అందులోని ఆయిల్ కారిపోతుంది. పాత బ్యాటరీని కొత్తది కొన్న షాపులోనే ఇచ్చేయండి, ధరలో తగ్గింపు కూడా ఇస్తారు.